పాటిదిబ్బ మీద పాత నిబంధన

మా నాయనను పదిమందిలో అబద్ధాలకోరుగా నిలబెట్టినవాణ్ణి నేనే. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నరసరావుపేటలో మిషను వారి బైబిలు పాఠశాలలో పాత నిబంధన చెప్పే ఉపాధ్యాయుణ్ణి. తెల్ల పంచె, పైన కోటు, జేబులో ఫౌంటెన్ పెన్ను. గురజాల దగ్గర మాదిగ పల్లెలో, చెప్పులు కుట్టే ఇంట్లో పుట్టినవాడికి ఆ రోజుల్లో అంతకు మించిన హోదా ఇంకెక్కడుంది? నేను నడుస్తుంటే నా చెప్పుల చప్పుడు నాకే వినసొంపుగా ఉండేది. అలాంటివాడు ఏం చేయగలడో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. చదివి ఎవరూ నా మీద జాలి పడనక్కర్లేదు.

మా నాయన అదే పల్లెలో ఉపదేశి. మిషను తరఫున పల్లెవాళ్ళకు వాక్యం చెప్పి, పిల్లలకు అక్షరాలు దిద్దించి, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడే మనిషిని ఉపదేశి అనేవారు. ముప్పయ్యేళ్ళు దాటాక చదవడం నేర్చుకున్నాడు. వేలు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివేవాడు గాని, ఒకసారి చదివింది మరిచిపోయేవాడు కాదు. పాత నిబంధనలోని యుద్ధాల అధ్యాయాలు, ఎవరు ఎవరిని కన్నారో చెప్పే ఆ పొడుగాటి వంశావళులు గడగడా అప్పజెప్పేవాడు.

మా అమ్మ, నేను నరసరావుపేట బోర్డింగు బడిలో ఉండగా, గత్తరలో పోయింది. కలరాను మా వైపు గత్తర అంటారు. కబురు నాకు చేరేసరికి పది రోజులైంది. పల్లె పక్కన పాటిదిబ్బ మీద పూడ్చామని నాయన ఉత్తరం రాశాడు. దిబ్బ మీద ఎక్కడ అని నేను అప్పుడు అడగలేదు. ఆ తర్వాత పదకొండేళ్ళు గడిచినా అడగలేదు.

పాటిదిబ్బ అంటే పల్నాడులో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఎప్పుడో ఒక ఊరుండి, పాడుబడి, చివరికి మట్టిగుట్టగా మిగిలిన చోటు అది. అందులో బూడిద, పేడ, ఎముకలు, పెంకులు, మనుషులు బతికి వదిలిపెట్టిన సమస్తం కలిసిపోయి ఉంటుంది. ఆ మన్ను చేలో వేస్తే పైరు నల్లగా ఏపుగా లేస్తుంది. అందుకని ఎండాకాలం వస్తే రైతులు బళ్ళు కట్టి పాటిమన్ను తోలుకుంటారు. మా దిబ్బకు ఉత్తరం వైపు ఊరి రైతుల గడ్డపారలు, దక్షిణం వైపు మా పల్లె సమాధులు. సమాధులంటే నాపరాయి పాతి పేరు చెక్కించినవనుకునేరు. మట్టి కుప్ప చేసి, నక్కలు తవ్వకుండా పైన తుమ్మకంప కప్పేవాళ్ళు. రెండు వానాకాలాలు గడిస్తే కంప చివికిపోతుంది, కుప్ప నేలమట్టమవుతుంది. ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో చెప్పాలంటే మనుషుల నోరే ఆధారం.

ఇక మా పాఠశాల పెద్ద, దొరగారు. ఇండియా రాకముందు ఆయన వయసులో ఉండగా పాలస్తీనా దేశంలో రెండేళ్ళు తవ్వకాల్లో పనిచేశాడు. అక్కడే గోతిలో పడి కాలు విరిగిందట, కొద్దిగా కుంటేవాడు. ఆయన బీరువాలో దూదిలో చుట్టిన కుండపెంకులుండేవి. మధ్యాహ్నం పూట వాటిని బల్ల మీద పరిచి నాకు పాఠం చెప్పేవాడు. ఆ దేశంలోనూ మన పాటిదిబ్బల లాంటివే ఉన్నాయట. ఒక ఊరు కాలిపోతే ఆ బూడిద మీదే ఇంకో ఊరు, అది కూలితే దాని మీద మరొకటి. పొరలు పొరలుగా తవ్వి, ఏ పొరలో ఎలాంటి పెంకు దొరికిందో చూసి, పాత నిబంధనలో రాసినదాంట్లో ఎంత జరిగిందో, ఎంత తర్వాత అల్లిందో తేలుస్తారట.

"క్రింద నున్నది పాతది, పైన నున్నది క్రొత్తది. నేల అబద్ధమాడదు. మనుష్యులు ఆడుదురు," అనేవాడు తన పుస్తకాల తెలుగులో.

ఆయన చెప్పినవాటిలో నాకు బాగా పట్టుబడింది హాయి పట్టణం సంగతి. ఇశ్రాయేలీయులు ఊరి వెనక మాటు వేసి, హాయివాళ్ళను బయటికి లాగి, పన్నెండు వేల మంది స్త్రీ పురుషులను నరికి, ఊరు కాల్చి శాశ్వతంగా దిబ్బ చేశారని పాత నిబంధనలో ఒక అధ్యాయం. దిబ్బ తవ్వి చూస్తే ఆ ఊరు ఇశ్రాయేలీయులు రావడానికి వందల ఏళ్ళ ముందే పాడుబడిపోయిందని తేలింది. హెబ్రీలో ఆ పేరుకే శిథిలం అని అర్థమట. పాడుబడ్డ దిబ్బను చూసి, దీన్ని ఎవరు కూలగొట్టారని పిల్లలు అడిగితే, మన తాతలే అని పెద్దలు చెప్పి ఉంటారని దొరగారు వివరించాడు. నాకు వెంటనే అర్థమైంది. పల్నాడులో ఏ దిబ్బను చూపించి అడిగినా పల్నాటి యుద్ధంలో కూలిన కోట అంటారు గదా! ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆ అధ్యాయంలో మాటు వేసినవాళ్ళు ఒకచోట ముప్పై వేలు, కాస్త కిందికి వస్తే ఐదు వేలు. ఒకే సంగతికి రెండు లెక్కలు వచ్చాయంటే చెప్పినవాడు కళ్ళారా చూడలేదన్నమాట, ఎవరో చెప్పగా విన్నాడన్నమాట.

ఈ సూత్రం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. నా దగ్గర చదివే ఉపదేశులు నాకంటే పెద్దవాళ్ళు, పిల్లలు గలవాళ్ళు. ఆ ముప్పై వేలూ ఐదు వేలూ చూపించి, దీనికి జవాబు చెప్పండి అని నిలబెట్టేవాణ్ణి. ఒకాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు లోపల సంతోషమే కలిగింది.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ విద్య నాయన మీద ప్రయోగించాను. ఆయన వసారాలో కూర్చుని నానబెట్టిన తోలు పిండుతున్నాడు. ఉపదేశి అయినా చెప్పులు కుట్టడం మానలేదు.

"నాయనా, హాయి పట్టణం కథ నిజం కాదు. ఇశ్రాయేలీయులు పోయేటప్పటికి అక్కడ ఊరే లేదు. దిబ్బ ఉంది, అంతే."

"ఎవురు చెప్పారు?"

"తవ్వి చూశారు."

ఆయన తోలు మడిచి మళ్ళీ పిండాడు. కోప్పడతాడేమో, ఏడుస్తాడేమో అని చూశాను. నిజం చెప్పాలంటే అదే కోరుకున్నాను.

"అయితే ఆ పన్నెండు వేల మందినీ ఎవురూ చంపలేదా?"

"ఉంటే గదా చంపడానికి."

"ఆడోళ్ళని గూడా?"

"ఎవర్నీ లేదు."

"చానా మంచి మాట చెప్పావురా," అన్నాడు. "ఆడోళ్ళని గూడా నరికారు అని చదివేటప్పుడల్లా నా గొంతు పట్టుకపోయేది. ఇరవై ఏళ్ళ నుంచి అంతే. ఈ ఆయితారం చెబుతా మనోళ్ళకి, ఎవురూ చావలేదంట అని."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన నమ్మకాన్ని కూలగొడదామని వెళితే ఆయన దాన్ని శుభవార్త చేసుకుని కూర్చున్నాడు. నీకు అర్థం కాలేదు అని విసుక్కున్నాను. "అర్థమయిందిలే," అని తోలు ఆరబెట్టడానికి లేచాడు.

మరుసటి ఎండాకాలం గొడవ మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. తిండిగింజలు ఎక్కువ పండించమని సర్కారు దండోరా వేయిస్తోంది. ఎరువు దొరకడం లేదు. దిబ్బకు ఉత్తరం వైపు మన్ను అయిపోవచ్చింది. ఊరి కామందు, మునసబు కూడా ఆయనే, తన బళ్ళను దక్షిణం వైపు తిప్పాడు. మొదటిరోజే గడ్డపారకు ఎముకలు తగిలాయి. నాయన పల్లెవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి బళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు.

"అయ్యా, మా వాళ్ళని పెట్టుకున్న జాగా అండి ఇది."

"ఏందిరా మీ వాళ్ళు?" అన్నాడట కామందు. "బతికున్నప్పుడు నా చేలో చేశారు. చచ్చినాక గూడా చేస్తారు. దానికెందుకురా అంత నొప్పి?"

నాయన తాసిల్దారుకు అర్జీ పెట్టాడు. దిబ్బ పోరంబోకు, ఎవరికీ పట్టా లేదు. నలభై మూడు సమాధులున్నాయి, ఈ వైపు ముట్టుకోవద్దు అని అర్జీ సారాంశం. అవి సమాధులు కావు, పల్నాటి యుద్ధం నాటి ఎముకలు అని కామందు వాదన. తాసిల్దారు తేల్చవలసింది ఒక్కటే. ఆ ఎముకలు పల్లెవాళ్ళవైతే బళ్ళు ఆగాలి. పాతకాలానివైతే మన్ను తోలుకోవచ్చు. ఇలాంటి విషయాలు తెలిసిన దొర నరసరావుపేటలో ఉన్నాడని ఎవరో చెబితే, మా దొరగారికి ఉత్తరం రాశాడు.

దొరగారు చిన్నపిల్లవాడిలా సంబరపడ్డాడు. పాలస్తీనాలో దిబ్బలు ఎలా తవ్వుతారో విద్యార్థులకు కళ్ళారా చూపించే అవకాశం వచ్చిందన్నాడు. తవ్వకం పని నాకు అప్పగించాడు. అది బాగా చేస్తే జూన్‌లో బెంగుళూరు కళాశాలకు పంపి హెబ్రీ భాష చదివిస్తానన్నాడు. రాత్రింబగళ్ళు నాకు ఇక వేరే ఆలోచన లేదు.

పదిమంది విద్యార్థులతో రైల్లో గురజాల చేరాం. దిబ్బ కింద డేరా వేశాం. రెండోరోజే దొరగారికి చలిజ్వరం పట్టుకుంది. ఆయన డేరాలో మంచం మీద, నేను గోతి గట్టు మీద. ఏ రోజుకారోజు గోతి గోడ బొమ్మ గీసి తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. ఆయన గోతిలోకి ఒక్కసారి కూడా దిగలేదు. నా బొమ్మలే చూశాడు.

నిలువెత్తు లోతున, నల్లటి పాత పెంకుల మధ్య, వేలు మందాన ఒక తెల్లటి పొర వచ్చింది. సున్నం. దాని కింద మనుషుల ఎముకలు, ఒకే దిక్కుకు తలలు పెట్టి వరసగా పడుకుని ఉన్నాయి. అంతకు ముందు ఏడాది దొరగారు నన్ను నాగార్జునకొండకు తీసుకెళ్ళి బౌద్ధులు వేసిన సున్నపు గచ్చులు చూపించాడు. ఇదీ అలాంటి గచ్చే అనుకున్నాను. గచ్చు చెక్కుచెదరలేదు కాబట్టి, దాని కిందివాళ్ళను అది వేయడానికి ముందే పూడ్చి ఉండాలి. అంటే ఎప్పటివాళ్ళో భిక్షువులు! పల్నాడులో చదువుకున్న ప్రతివాడికీ ఏ దిబ్బ కింద చూసినా విహారమే కనిపిస్తుంది.

గోతిలో దిగి తవ్వుతున్న ఒక ఉపదేశి తల పైకెత్తాడు.

"పంతులుగారూ, పక్క మన్ను గట్టిగా ఉందండి. ఇది గుల్లగా ఉంది. ఒకసారి తవ్వి పూడ్చిన మన్నులాగా ఉందండి."

గొయ్యి అంచు వెతుకు, పాత పొరలోకి కొత్త గొయ్యి దిగి ఉంటుందేమో చూసుకో అని దొరగారు నాకు వందసార్లు చెప్పాడు. పుట్టినప్పటి నుంచి మన్ను తవ్విన మనిషి ఆ అంచును చేత్తో తడిమి చూపిస్తున్నాడు. "నువ్వు తవ్వు. చదివేది నేను," అన్నాను. మిగతావాళ్ళు నవ్వారు. ఆయన తల దించుకుని తవ్వాడు.

నేను రాసిన నివేదికను దొరగారు మంచం మీదే చదివి, నా చెయ్యి పట్టుకుని ఊపి, సంతకం చేశాడు. ఆ సాయంత్రం నాయన డేరా దగ్గరికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. తాడు పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ సున్నం మేమే చల్లాంరా."

"ఏ సున్నం?"

"గత్తర ఏడు. అప్పట్లో ఉన్న పెద్ద దొర బండెడు సున్నం పంపించాడు. జబ్బు పైకి రాకుండా నిలువెత్తు లోతున పెట్టి, పైన సున్నం చల్లి పూడ్చమన్నాడు. ఒకే గొయ్యి తీశాం. పందొమ్మిది మందిని పెట్టాం. నేనే దిగి సర్దాను."

గుల్ల మన్ను గుర్తొచ్చింది. తలలన్నీ ఒకే దిక్కుకు ఎందుకున్నాయో తెలిసింది. అంతా ఒక్క క్షణంలో తెలిసిపోయింది. కాని సంతకమైపోయింది, జూన్ నెల దగ్గరపడింది.

"నివేదిక పోయింది నాయనా. ఇప్పుడు నువ్వు వచ్చి చెబితే ఎవరు నమ్ముతారు?"

"నువ్వు నమ్మితే సాలు గదా. నువ్వు చెబితే దొర వింటాడు."

ఆ పందొమ్మిది మందిలో ఎవరెవరున్నారో అడగలేదు. మా అమ్మ ఏ జబ్బుతో పోయిందో, ఏ ఏడు పోయిందో నాకు తెలుసు. ఒక్క నిమిషం ఆలోచిస్తే తెలిసేదే. బుద్ధి అటు పోకుండా గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఆయన తాడు వదిలి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే తాసిల్దారు వచ్చాడు. దిబ్బ మీద కుర్చీ వేశారు, తలారి గొడుగు పట్టాడు. ఒక పక్క కామందు, ఊరివాళ్ళు. దూరంగా మా పల్లె మొత్తం. దొరగారికి జ్వరం తగ్గక రాలేదు. ఆయన తరఫున నేను నిలబడ్డాను. నివేదిక చదివి వినిపించాక, తాసిల్దారు నాయనను పిలిచి చెప్పుకోమన్నాడు. నాయన చేతులు కట్టుకుని గత్తర సంగతి, సున్నం సంగతి చెప్పాడు. ఆ గోతిలో పందొమ్మిది మంది ఉన్నారన్నాడు. తాసిల్దారుకు కొంచెం సందేహం వచ్చినట్టే ఉంది. నా వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నాడు.

నేను లేచాను. నాయనను నలుగురిలో నువ్వు అనడం ఇష్టం లేక మీరు అన్నాను. అది మర్యాద అనుకున్నాను.

"అర్జీలో నలభై మూడు అని రాశారు. ఇప్పుడు పందొమ్మిది అంటున్నారు. ఏది నిజం?"

"నలభై మూడు దిబ్బంతా కలిపి, పంతులుగారూ. ఈ గోతిలో..."

కన్న కొడుకును పంతులుగారూ అన్నాడు. దానికైనా నేను ఆగాల్సింది.

"ఒక మనిషి ఒకే సంగతికి రెండు లెక్కలు చెబితే, అతను చూసి చెప్పడం లేదు, విని చెబుతున్నాడు," అన్నాను తాసిల్దారుతో. ఊరివాళ్ళు నవ్వారు. "సరే, మీరే సర్దానంటున్నారు గదా. వరసగా పేర్లు చెప్పండి."

నాయన కళ్ళు మూసుకుని పడమటి నుంచి మొదలుపెట్టాడు. వంశావళులు అప్పజెప్పినట్టే చెప్పాడు. ఒక్కొక్క పేరుకు పల్లె ఆడవాళ్ళలో ఒక్కొక్కరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఎక్కడా తడబడలేదు. చెప్పడం అయ్యాక నేను అన్నాను, "ఇప్పుడు తూర్పు నుంచి చెప్పండి."

కంఠస్థం చేసినవాడు వెనక నుంచి చెప్పలేడని నాకు తెలుసు. నా దగ్గర చదివేవాళ్ళను అలాగే పట్టుకునేవాణ్ణి. నాయన నాలుగు పేర్లు చెప్పి, ఐదో పేరు దగ్గర ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. ఆరు చెప్పి, ఎనిమిదో పేరు చెప్పాడు. కామందు పకపకా నవ్వి తొడ మీద కొట్టుకున్నాడు.

"అదీగాక," అన్నాను, "ఇందాక మీరు చెప్పిన పేర్లు నేను లెక్కపెట్టాను. పద్దెనిమిదే. పందొమ్మిదో మనిషి ఎవరు?"

నాయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. పల్లెవాళ్ళ వైపు నుంచి మా మేనత్త ఏదో అనబోయింది. నాయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"చెప్పవయ్యా," అన్నాడు తాసిల్దారు.

"జ్ఞాపకం లేదండి."

ఆ రోజు మా నాయన చెప్పిన అబద్ధం అదొక్కటే. ఎవరికోసం చెప్పాడో నాకు అప్పుడే, అక్కడే అర్థమైంది. ఆ పేరు చెబితే ఆయన గెలిచేవాడేమో. కాని కన్నతల్లి ఎముకలు తవ్వి, బొమ్మ గీసి, భిక్షువు అని రాసుకున్నవాడుగా నేను ఆ జనం మధ్య నిలబడాల్సి వచ్చేది. అర్థమయ్యాక కూడా నేను నోరు విప్పలేదు. కాగితాలు మడిచి కూర్చున్నాను.

తాసిల్దారు హుకుం రాశాడు. మన్ను తోలుకోవచ్చు. పల్లెవాళ్ళకు వాగు అవతల వేరే జాగా చూపిస్తారు. అర్జీలో తప్పుడు లెక్కలు రాసినందుకు ఉపదేశిని మందలించాడు. ఆ మధ్యాహ్నమే బళ్ళు వచ్చాయి. నేను సాయంత్రం రైలు పట్టుకుని నరసరావుపేట వచ్చేశాను. నాయనకు చెప్పకుండానే వచ్చాను.

పదిహేను రోజుల తర్వాత, నేను తరగతిలో ఉండగా ఆయన వచ్చాడు. గుమ్మం దగ్గర తట్ట దించాడు. పైన పాత దుప్పటి కప్పి ఉంది. బళ్ళ వెనకాలే చేలకు పోయి, మన్ను గుమ్మరించిన చోటల్లా వంగి ఎముకలు ఏరాడట. కామందు మనుషులు అరిచినప్పుడు కాసేపు గట్టు మీద కూర్చుని, వాళ్ళు పోయాక మళ్ళీ దిగేవాడట. విద్యార్థులను బయటికి పంపేశాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

"అందర్నీ కలిపి వాగవతల పెట్టేద్దామనుకున్నానురా," అన్నాడు. "మనోళ్ళు గూడా అట్టాగే అన్నారు. కాని మీ అమ్మని ఒక్కదాన్ని విడిగా పెట్టుకుందామని నాకు. నీకు ఎముకలు తెలుసు గదా. దానివేవో ఏరి ఇయ్యి."

దుప్పటి తీశాడు. మన్ను అంటిన ఎముకలు, కొన్నిటి మీద తెల్లగా సున్నం. ఒక్క తలా పూర్తిగా లేదు. గడ్డపారలకు అన్నీ ముక్కలైపోయాయి. ఏది ఆడమనిషిదో, ఏది మగవాడిదో, ఏది ఎవరిదో నాకు తెలియదు. పెంకులైతే చూశాను గాని, ఎముకల గురించి నాకు ఒక్క ముక్క కూడా రాదు. ఆ మాట అప్పుడైనా ఆయనకు చెప్పాల్సింది.

చెప్పలేదు. తట్ట ముందు కూర్చుని, ఒక్కొక్కటీ తీసి, వెలుతురులో తిప్పి చూసి, ఒక ఏడెనిమిది పక్కన పెట్టాను. దొరగారు పెంకులను చూసినట్టే చూశాను. నాయన నా చేతులనే చూస్తూ కూర్చున్నాడు. పక్కన పెట్టినవాటిని పైగుడ్డలో పెట్టుకుంటూ, పొట్టిగా ఉన్న ఒక ఎముక దగ్గర ఆగాడు.

"మీ అమ్మ పొడుగు మనిషి గదరా. ఇంత పొట్టిదేంది?"

"మన్నులో ఉంటే ఎముక కుంచించుకుపోతుంది నాయనా."

"అట్టాగా," అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణి గదా, నమ్మాడు. దాన్ని తుడిచి అన్నిటికంటే పైన పెట్టి మూట కట్టుకున్నాడు.

జూన్‌లో నేను బెంగుళూరు వెళ్ళాను. పోయేముందు దొరగారికి సున్నం సంగతి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, తవ్వేవారందరికీ తప్పులు వచ్చును, నోటుపుస్తకంలో వ్రాసికొనుము అన్నాడు. తాసిల్దారుకు రాద్దామా అని అడిగితే, మన్ను అంతా పోయిన తర్వాత రాసి ప్రయోజనమేమిటన్నాడు. రాసుకున్నాను. ఆ నోటుపుస్తకం ఇంకా నా దగ్గరుంది.

బెంగుళూరులో రెండో ఏడు, పాలస్తీనా తవ్వకాల మీద పెద్ద గ్రంథం ఒకటి చదువుతుంటే, బలిపీఠాల దగ్గర దొరికిన పశువుల ఎముకల ఫోటోలు వచ్చాయి. ఒక ఫోటో దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఆ పొట్టి ఎముక. అదే వంపు, అదే నొక్కు. కింద మేక ముంగాలు అని రాసి ఉంది. తర్వాతి పేజీలో ఇంకో రెండు పోల్చుకున్నాను. పుస్తకం మూసేసి, భోజనానికి పోకుండా అక్కడే కూర్చున్నాను. నాయన అప్పటికే వాగవతల ఒక కుప్ప పోసి, కంప కప్పి, ఆయితారం ఆయితారం ఆరాధన అయ్యాక వెళ్ళి దాని పక్కన కూర్చుని వస్తున్నాడని మా మేనత్త ఉత్తరం రాయించింది. కుప్ప కరిగిపోకుండా ఏటా కొత్త మన్ను పోసేవాడట.

నేను రాయలేదు, చెప్పలేదు. సెలవులకు వచ్చినప్పుడు ఆయన నన్ను అక్కడికి తీసుకెళ్ళేవాడు. ఇద్దరం ప్రార్థన చేసేవాళ్ళం. నాకు హెబ్రీలో మొదటి తరగతి వచ్చిందని ఆయన ఆ కుప్పకు వినిపించేలా గట్టిగా చెప్పాడు ఒకసారి.

నాలుగేళ్ళకు నాయన పోయాడు. అమ్మ పక్కన పెట్టమని ముందే అందరికీ చెప్పి ఉంచాడు. ఆ కుప్ప పక్కనే గొయ్యి తీయించి, నేనే దిగి సర్ది, పైకి వచ్చి మొదటి పిడికెడు మన్ను వేశాను. మా మేనత్త నా భుజం పట్టుకుని ఏడ్చింది.

"మొగుడూ పెళ్ళాలని ఒక్కచోట చేర్చావు. పున్నెం కట్టుకున్నావురా అబ్బాయా," అంది.

అవునత్తా అన్నాను.